పల్లెలో ఇల్లు, భూమి కొనువారికి కొన్ని మాటలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఒక బీరువాతో, రెండు బల్లలతో ఆరంభమైన మన గ్రంథాలయమునకు నేడు రజతోత్సవము జరుగుచున్నది. భూమి లెక్కలు వ్రాయుట నా వృత్తి. కావ్యములు చదువుట నాకు పట్టుకొన్న వ్యసనము. గురుముఖమున చదివినవాడను గాను. నాకు వచ్చిన నాలుగు పద్యములును ఈ బీరువా పెట్టిన భిక్షయే. కావున ఈ సభలో మాటలాడుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించినప్పుడు కాదనలేకపోతిని.

వారు నన్ను భాగవతమునుగూర్చి చెప్పుమనిరి. కాని దారిలో ఎదురైన ప్రతివారును నన్ను అడుగుచున్నది వేరొకటి: “పంతులుగారూ, ఫలానా ఊళ్లె జాగ అగ్గువకు వస్తున్నదట, కొనొచ్చునా?” అడుగువారిలో గల్ఫునుండి సెలవుపై వచ్చినవారు, భివండీనుండి తిరిగి రాదలచిన పద్మశాలి సోదరులు, పట్టణపు అద్దెలు భరింపలేని చిన్న ఉద్యోగులు ఉన్నారు. జీవితకాలపు కష్టార్జితమును ఒక కాగితముపై పెట్టబోవువారు వీరు. కావున నేడు నేను ఆ ప్రశ్నకే సమాధానము చెప్పెదను. భాగవతము కూడ మధ్యలో రాకపోదు.

ముందుగా ఒక్క మాట. తక్కువ ధరకు వచ్చు భూమికి ఆ తక్కువకు ఒక కారణముండి తీరును. ఆ కారణమును కొనుటకు ముందు తెలిసికొన్నవాడు లాభపడును. కొన్న తరువాత తెలిసికొన్నవాడు చెడిపోవును. నేను చెప్పబోవునదంతయు ఈ ఒక్క మాటకు వ్యాఖ్యానమే.

మన ప్రాంతమున అగ్గువ భూమి ఎక్కడ నున్నదో తెలియుటకు కొలత పేరు వినిన చాలును. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా పోవు 63వ జాతీయ రహదారి ప్రక్కన భూమిని గజములలో చెప్పుదురు. దానినుండి లోనికి పోయిన గుంటలలో చెప్పుదురు. ఇంకను లోనికి పోయిన ఎకరములలో చెప్పుదురు. ఎకరమునకు నలువది గుంటలు, గుంటకు నూట ఇరువది యొక్క గజములు. భూమి ఒక్కటే, కాని పలుకు మారినకొలది వెల మారును. రాయికల్, మల్లాపూర్, ఇబ్రహీంపట్నం వైపు గోదావరి దిక్కున గల పల్లెలు, కోరుట్లనుండి వేములవాడకు పోవు దారిలో కథలాపూర్, రుద్రంగి, చందుర్తి ప్రాంతపు పల్లెలు, సిరిసిల్లకు ఆవల కోనరావుపేట, వీర్నపల్లి, గంభీరావుపేట ప్రాంతపు పల్లెలు పేరు తెలిసినవారు తక్కువైన చోట్లు. అక్కడ ఇంకను ఎకరము మాటయే వినబడును.

అయితే ఈ గీత నిలుకడగా నుండదు. 2016 అక్టోబరులో జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడినవి. 2017లో కరీంనగర్ వైపునుండి జగిత్యాల, కోరుట్లల మీదుగా నిజామాబాదునకు రైలుమార్గము పూర్తియైనది. 2023లో మనోహరాబాదునుండి సిద్దిపేటకు రైలు వచ్చినది, ఆ మార్గము సిరిసిల్ల మీదుగా కొత్తపల్లికి పోవలసియున్నది. ఇట్టి వార్త పుట్టిన ప్రతిసారి ఎకరము గుంటయగును, గుంట గజమగును. వార్తను నమ్మి కొనినవాడు రైలు కొరకు ఎదురుచూచుచు వడ్డీ కట్టును. నీరు, బాట, బడి చూచి కొనినవాడు రైలు రాకున్నను బ్రతుకును.

ఇక పాత ఇండ్ల సంగతి. మన పల్లెలలో తాళము వేసిన ఇండ్లకు కొదువ లేదు. సిరిసిల్ల ప్రాంతపు నేతన్నలు బొంబాయి, భివండీ, షోలాపూర్, సూరత్ నగరములకు పోయిరి. జగిత్యాల, కోరుట్ల ప్రాంతములనుండి 1970ల తరువాత వేలాదిగా గల్ఫు దేశములకు పోయిరి. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగినది. ఆ యేడే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు కల్లోలిత ప్రాంతములుగా ప్రకటింపబడినవి. ఆ కాలమున పలువురు భూస్వాములు గడీలు విడిచి పట్టణములకు పోయిరి. పోవుచు పోవుచు ఎన్నో భూములను తెల్లకాగితములపై వ్రాసి ఇచ్చిరి. మన జిల్లాలలో సాదాబైనామాలు ఇంతగా నుండుటకు ఈ చరిత్ర ఒక కారణము. ఇండ్లు ఖాళీయైన తీరునుబట్టియే కాగితములు కూడ చెదరిపోయినవి.

ఈ దశ మనకు మాత్రమే వచ్చినది కాదు. ఇటలీ దేశమునందును పల్లెలు ఖాళీయగుచున్నవి. సిసిలీ ద్వీపములోని సంబూకా అను ఊరివారు 2019లో పాడుపడిన ఇండ్లను ఒక్క యూరో ప్రారంభ ధరకు వేలమునకు పెట్టిరి. లోకమంతయు ఆశ్చర్యపడినది. కాని షరతులు చదివినవారికి ఆశ్చర్యము తగ్గినది. కొనినవారు మూడేండ్లలో ఇంటిని బాగుచేయవలెను. అందుకు ఐదువేల యూరోలు ధరావతు కట్టవలెను. బాగుచేయుటకగు వ్యయము దానికి ఎన్నో రెట్లు. అదే సంవత్సరము మొలీజే అను మారుమూల ప్రాంతము వారు, రెండువేలకు లోపు జనమున్న ఊళ్ళకు వచ్చి కాపురముండి వ్యాపారము పెట్టువారికి మూడేండ్లపాటు నెలకు ఏడువందల యూరోలు ఇచ్చెదమనిరి. మనిషి లేని ఇంటికి వెల లేదని ఆ దేశము ఒప్పుకొన్నట్లే గదా!

అక్కడ మనము నేర్వవలసినది మరియొకటి యున్నది. ఇటలీలో ఇల్లు చేతులు మారవలెనన్న నోటరీ యొద్దకు పోవలెను. ఆయన మన తాలూకా కచేరీ ముందు ముద్ర వేయు నోటరీ వంటివాడు కాడు. ప్రభుత్వాధికారము గల న్యాయవేత్త. అమ్మువానికి హక్కున్నదా, తనఖా ఉన్నదా అని విచారించిన పిదపనే పత్రము పూర్తిచేయును. మన దేశమున 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము పత్రమును నమోదు చేయును గాని హక్కునకు పూచీపడదు. అధికారి ముద్ర పడినది గనుక భూమి మనదైనదని తలచుట పెద్ద పొరపాటు. అక్కడ నోటరీ చేయు విచారణను ఇక్కడ కొనువాడే చేసికొనవలెను.

ఆ విచారణ ఎట్లు చేయవలెను? పద్యమును చదివినట్లే చేయవలెను. పద్యము చేతికి వచ్చినప్పుడు మనము మొదట పదచ్ఛేదము చేయుదుము, తరువాత ప్రతిపదార్థము చెప్పుదుము, అన్వయము కుదుర్చుదుము, కడపట తాత్పర్యము చెప్పుదుము. భూమికిని ఈ నాలుగు మెట్లు కలవు.

పదచ్ఛేదమనగా సర్వే నంబరును విడదీయుట. ఒక నంబరు కాలక్రమమున అన్నదమ్ముల పంపకములతో అ, ఆ, ఇ, ఈ అని ముక్కలగును. మొత్తము విస్తీర్ణమెంత, ముక్కలన్నియు కలిపిన ఎంత అని కూడి చూడవలెను. కాగితము మీద ముక్కల మొత్తము అసలు భూమిని మించిన సందర్భములు నేను చూచితిని. భూమి సాగదు, వ్రాత సాగును. అట్టిచోట కడపట కొనినవానికి మిగులునది నంబరు మాత్రమే.

ప్రతిపదార్థమనగా ప్రతి గడికి అర్థము తెలియుట. సేత్వారు మొదటి బందోబస్తు నాటి మూలము. 1954–55 నాటి ఖాస్రా పహాణీ దాని తరువాతి మెట్టు. ఏటేటి పహాణీలు ఆపై వచ్చినవి. వీనిలో పట్టాదారు పేరు ఒక గడిలోను, అనుభవదారు పేరు మరియొక గడిలోను ఉండును. మన వారు మొదటి పేరు చూచి పుస్తకము మూయుదురు. రెండవ పేరే ప్రాణము. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టము క్రింద రక్షిత కౌలుదారు పేరున్నదా, 38-ఇ పత్రము ఎవరికైనను వచ్చినదా చూడవలెను. భూమి తరియా, ఖుష్కియా, ఇనామా, శిఖమా చూడవలెను. లావణి పట్టా భూమియైనచో ఆశ వదలుకొనుడు. పేదలకిచ్చిన ఆ భూములను అమ్ముట, కొనుట 1977 నాటి చట్టము నిషేధించినది. రుద్రంగి, వీర్నపల్లి వంటి అడవి ప్రక్క పల్లెలలో 2006 నాటి అటవీ హక్కుల చట్టము క్రింద వచ్చిన పట్టాలు వారసులకు పోవును గాని అమ్మకమునకు పనికిరావు. అక్కడ ఎకరము అగ్గువ యగుటకు చాలమారులు ఇదే కారణము.

అన్వయమనగా ఎవరినుండి ఎవరికి వచ్చినదను సంబంధము. కర్త లేని క్రియ వాక్యము కానట్లు, నడుమ ఒక చేయి తెగిన హక్కు హక్కు కాదు. ముప్పది సంవత్సరముల ఈసీ తీయించుడు. కాని తెల్లకాగితపు అమ్మకము ఈసీలో కనబడదని మరువకుడు. 2014 జూన్ 2వ తేదీకి ముందటి సాదాబైనామాలలో 2020లో దరఖాస్తు పెట్టుకొన్నవానికి 2025 నాటి భూభారతి చట్టము దారి చూపినది. ఆ విచారణ ముగిసి, పట్టా చేతికి వచ్చిన తరువాత కొనుటయే క్షేమము. దరఖాస్తు రసీదును కొనకుడు.

పాత ఇండ్ల విషయమున అన్వయము ఇంకను కఠినము. ఆబాదీలోని ఇంటికి సేత్వారు లేదు, పహాణీ లేదు. ఇంటి నంబరు, పన్ను రసీదు మాత్రము చూపుదురు. పన్ను కట్టినవాడెల్ల యజమాని కాడు. తాత కట్టిన ఇంటికి ఒక కుమారుడు సిరిసిల్లలో, ఒకడు భివండీలో, ఒకడు దుబాయిలో ఉండును. కూతుళ్ళు అత్తవారిండ్లలో నుందురు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరునుండి అవివాహిత కుమార్తెలకు, దేశమంతట 2005నుండి కుమార్తెలందరికిని ఉమ్మడి ఆస్తిలో సమభాగము కలదు. “ఆడపిల్లల సంతకమెందుకు, వాళ్ళు అడుగుతరా?” అను మాటను నమ్మి కొనిన ఇంటిగోడలు ఎంత మందమైనను నిలువవు. డంగుసున్నపు గోడ, టేకు దూలము, నడుమ వాకిలి చూచి మురియుటకు ముందు, ఆ ఇంటి వంశవృక్షము వ్రాయించుకొని, ప్రతి కొమ్మకు సంతకమున్నదా చూచుకొనుడు. విదేశమునందున్నవారు అక్కడి మన రాయబార కార్యాలయములో ధ్రువీకరించిన అధికారపత్రము పంపవచ్చును.

ఇక తాత్పర్యము. ఇది కాగితములో దొరకదు. దీనిని నేర్చుకొనుటకు నేను చెల్లించిన మూల్యమును ఈ సభలో చెప్పుకొనుట నాకు సిగ్గే. అయినను చెప్పెదను.

నా మేనల్లుడొకడు పండ్రెండేండ్లు మస్కటులో మేస్త్రీపని చేసెను. 2015 ఎండకాలమున సెలవుపై వచ్చి, కోరుట్లకు ఆవల ఒక పల్లెలో ముప్పది గుంటల భూమి ప్రక్క భూములకు సగము ధరకు వచ్చుచున్నదని, భార్య పేరున కొని అందు ఇల్లు కట్టుకొందునని చెప్పెను. “మామా, నువ్వు చూసినవంటే నాకు వేరే వకీలు అవసరం లేదు” అనెను. నేను సేత్వారు చూచితిని. ఖాస్రా చూచితిని. పహాణీలు, ఈసీ చూచితిని. ఒక్క దోషము లేదు. “కొనుము” అంటిని. నా గదిలో కూర్చుండి అంటిని. పొలమునకు పోలేదు.

అవి వరుసగా వానలు తప్పిన యేండ్లు. చెరువులో తుమ్మలు మొలచియున్నవి. మరుసటి సంవత్సరము భాద్రపదమున కుండపోతగా వానలు కురిసినవి. చెరువు నిండినది, మత్తడి దూకినది. మత్తడి దూకుటకు ముందే నీరు వెనుకకు మళ్ళి ఆ ముప్పది గుంటలలో మోకాలి లోతు నిలిచినది. పోసిన పునాది నీటిలో మునిగినది. పట్టా భూమియే, దోషము లేని పట్టాయే. కాని పూర్తి నీటిమట్టమునకు లోపలి భూమి. అందు పైరు వేయవచ్చును గాని ఇల్లు కట్టరాదు. గట్టుమీద గొఱ్ఱెలు మేపుచున్న ఒక ముసలాయన నన్ను చూచి, “అది నీళ్ళు మళ్ళే జాగ గద పంతులూ, నన్నడిగితే చెప్పకపోదునా?” అనెను. ఆయనకు అక్షరము రాదు. ముప్పదేండ్లు అక్షరములే వ్రాసిన నాకు ఆ సంగతి తెలియలేదు.

మేనల్లుడు నన్ను ఒక్క మాట అనలేదు. మరి నాలుగేండ్లు మస్కటులో పనిచేసి ఊరిలోనే చిన్న యిల్లు కట్టుకొనెను. ఆ యింటి గృహప్రవేశము చూడకయే మా అక్క వెళ్ళిపోయినది. ఆ ముప్పది గుంటలలో నీరు తీసిన యేట యాసంగి వరి పండించుకొనుచున్నారు. భూమి చెడ్డది కాదు. పొలమునకు కొనవలసిన దానిని నా మాటపై ఇంటికి కొనిరి.

కావున తాత్పర్యమనగా కాలినడక. భూమిని ఎండలో ఒకసారి, వానలో ఒకసారి చూడుడు. నలుదిక్కుల పొలములవారిని, మేకలు కాయువారిని, నీరటికాడిని అడుగుడు. బాట నక్షాలో ఉన్నదా, లేక ప్రక్కవాని దయమీద ఉన్నదా చూడుడు. చుట్టు ఎన్ని బోర్లు ఎండినవో లెక్కించుడు. మధ్యమానేరు జలాశయము క్రింద అనుపురం, రుద్రవరం, చింతల్‌ఠాణా, కొదురుపాక వంటి ఊళ్ళు మునిగినవి. పరిహారముతో ఆ జనము భూమి వెదకుకొనుచు ఇరుగుపొరుగు మండలములలోనికి వచ్చినప్పుడు, ఒకే భూమికి ఇద్దరివద్ద బయానా తీసికొన్నవారును ఉండిరి. నిర్వాసితుని ఆత్రము దళారికి పంట.

గల్ఫు సోదరులకు ప్రత్యేకముగా ఒక మాట. విదేశమున నివసించుచున్న భారత పౌరుడు ఇక్కడ ఇల్లు, ఇంటిస్థలము కొనవచ్చును. వ్యవసాయ భూమిని మాత్రము కొనుటకు మన విదేశ మారక చట్టము అంగీకరింపదు. వారసత్వముగా వచ్చినది ఉంచుకొనవచ్చును. అందుచేత తమ్ముని పేరనో, బావమరిది పేరనో కొని, తిరిగి వచ్చునప్పటికి భూమిని, బంధుత్వమును రెండింటిని పోగొట్టుకొన్నవారు మనలో నున్నారు. ఊరిలో కాపురముండి ఇల్లు నడపుచున్న భార్య పేరున కొనినవారు, కొనిన దినమునుండి అది ఆమె సొత్తేయని మనసార ఒప్పుకొని కొనవలెను. ఖర్చు లెక్కలో వెల ఒక్కటే వ్రాయకుడు. 2021నుండి రిజిస్ట్రేషనుకు అన్నియు కలిపి నూటికి ఏడున్నర రూపాయలగుచున్నవి. వ్యవసాయ భూమిలో ఇల్లు కట్టవలెనన్న భూవినియోగ మార్పు రుసుము వేరు.

ఇప్పుడు భాగవతమునకు వచ్చెదను. బలిచక్రవర్తి దానమిచ్చినది మూడడుగుల నేల. హద్దులు వ్రాసికొనలేదు. కొలత ఎవరి పాదముతోనని అడుగలేదు. శుక్రాచార్యుడు వద్దని చెప్పెను, చక్రవర్తి వినలేదు. ఇచ్చినమాట తప్పని ఆ మహనీయుని మనము కొనియాడుదుము. కాని భూమి కొనునప్పుడు మనము బలివలె కాక శుక్రునివలె నుండవలెను. కొలత ఎవరి గొలుసుతో? హద్దురాళ్ళు ఎవరి సమక్షమున పాతినవి? ప్రభుత్వ సర్వేయరుచే, హద్దుదారులకు నోటీసు ఇప్పించి కొలిపించుడు. భూభారతి చట్టము పత్రమునకు పటము జతచేయు పద్ధతికి చోటిచ్చినది. ఇది క్రొత్త మాట కాదు. క్రీస్తుశకము పదవ శతాబ్దమున వేములవాడ చాళుక్యప్రభువు అరికేసరి పంపమహాకవికి ధర్మపురమను అగ్రహారమిచ్చెను. ఆ సంగతిని కవి తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల వద్ద బొమ్మలమ్మగుట్టపై రాతిలో చెక్కించెను. ఆ శాసనములోనే తెలుగు కందపద్యములున్నవి. మన సీమలో మనకు గర్వకారణమైన ఆ పద్యములు ఒక భూదానపు వార్తను మోయు రాతిమీదనే నిలిచినవి. అన్న కీర్తిని, అన్న భూమిని ఒకే శిలపై భద్రపరచిన తమ్ముడాయన!

సభవారికి నా విన్నపమొకటి యున్నది. 1984లో పట్వారీల వంశపారంపర్య పద్ధతి పోయినది. 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థ పోయి, లెక్కలు ధరణి యను యంత్రపు తెరపైకి వచ్చినవి. 2025లో ధరణి స్థానమున భూభారతి వచ్చినది. వ్యవస్థ మారిన ప్రతిసారి పల్లెటూరివానికి తన కాగితమును చదివి చెప్పువాడు దూరమగుచున్నాడు. మన గ్రంథాలయము ఆ లోటు తీర్చవచ్చును. మన ఊరి నక్షా నకలు, సేత్వారు, ఖాస్రా పహాణీ నకళ్ళు కచేరీనుండి రుసుము కట్టి తెప్పించి ఒక అరలో ఉంచుదము. వానకాలమున చెరువు నీరు ఎంతవరకు వచ్చునో పెద్దలనడిగి ఆ నక్షాపై గుర్తు పెట్టుదము. ప్రతి ఆదివారము ప్రొద్దున రెండు గంటలు నేను ఇక్కడ కూర్చుండెదను. ఎవరు ఏ కాగితము తెచ్చినను చదివి అర్థము చెప్పెదను. ప్రతిఫలము అక్కరలేదు. కాని ఒక్క నియమము: కాగితము చదివిన పిమ్మట, ‘కొను’మని గాని ‘వద్ద’ని గాని చెప్పుటకు ముందు, అడిగినవారితో కలిసి నేను ఆ భూమికి నడిచి పోయెదను.